నాంచారమ్మ నోట మా అన్నయ్య మాటలు

దెయ్యాల కథలు విని నవ్వుకునే రకం నేను. హాస్టల్ మేడ మీద తెల్లచీర ఆడమనిషి తిరుగుతోందని జూనియర్లు గోల చేస్తే, పైకి వెళ్ళి ఎవరో ఆరేసి మర్చిపోయిన దుప్పటి తెచ్చి వాళ్ళ ముందు పడేసింది నేనే. ఇప్పుడు రాయబోయేది చదివాక మీరు నన్ను ఆ జూనియర్లలో కలిపేస్తారేమో. కానీ నా అభిప్రాయం మారలేదు. జరిగింది మాత్రం జరిగింది.

ఈమధ్య మా లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్ పూర్వ విద్యార్థుల గ్రూపులో ఒక సంచిక వేద్దామన్నారు. తలా ఒక జ్ఞాపకం రాయాలి. అందరూ కాంటీన్ టీ గురించి, సింటాక్స్ పరీక్ష కోసం రాత్రికి రాత్రి నేర్చుకున్న, వాక్యాన్ని విడగొట్టి గీసే చెట్టుబొమ్మల గురించి, "లింగ్విస్టిక్సా? అయితే ఎన్ని భాషలొచ్చు?" అని అడిగే చుట్టాల గురించి రాస్తున్నారు. నా క్లాస్‌మేట్ జోసెఫ్ మాత్రం నాకు విడిగా మెసేజ్ పెట్టాడు.

"హారికా, నాంచారమ్మ గారి సంగతి రాయి. నువ్వు రాయకపోతే నేను రాస్తా."

అందుకని రాస్తున్నాను.

ఎం.ఏ. రెండో ఏడాదిలో నా ప్రాజెక్టు పక్షవాతం వచ్చి మాట దెబ్బతిన్నవాళ్ళ మీద. విజయవాడలో ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ గది ఉండేది. అక్కడ సౌమ్య గారని థెరపిస్టు. మధ్యాహ్నాలు వెళ్ళి, ఆవిడ పని చేస్తుంటే ఒక మూల కూర్చుని రికార్డు చేసుకునేవాళ్ళం. మేమంటే నేనూ, జోసెఫూ. అతనిది కొండపల్లి. శబ్దాల మీద పని చేసేవాడు. చేతిలో రికార్డర్, మెడలో హెడ్‌ఫోన్స్ లేకుండా నేనతన్ని చూసిన గుర్తు లేదు.

నాంచారమ్మ గారిని నేను మొదట చూసింది ఆ గదిలోనే. నాగాయలంక అవతల సముద్రం దగ్గరి ఊరు ఆవిడది. అరవై దాటిన మనిషి. చేపల వ్యాపారం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కూతురు దుర్గ పక్కనే ఉండి చూసుకునేది.

"అమ్మకి ఒక్కటే మాట వస్తందండీ," అంది దుర్గ. "ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. మాకేం అర్థం కావట్లేదు."

ఇది అరుదైన విషయమేం కాదు. ఇలాంటి రోగుల్లో కొందరికి అర్థం లేని ఒకే ఒక్క శబ్దం మిగులుతుంది. ఏం చెప్పబోయినా అదే వస్తుంది. మేం పుస్తకాల్లో చదువుకున్నాం. నిజంగా వినడం అదే మొదటిసారి కాబోతోందని నాకు ఉత్సాహంగా కూడా ఉంది.

సౌమ్య గారు, "మీ పేరేంటమ్మా?" అని అడిగారు.

నాంచారమ్మ గారు మంచి కంఠంతో, నిజంగా పేరు చెబుతున్నట్టే, "ఇడిమి దోబు," అంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

సౌమ్య గారు తల అడ్డంగా ఊపేసరికి ఆవిడకి కోపమొచ్చింది. చేప ధర దగ్గర బేరం కుదరనప్పుడు విసురుతారే, అలా ఎడమ చెయ్యి విసిరి, "ఇడిమి దోబు! ఇడిమి దోబు!" అంది. మాట మారలేదు, గొంతులో రాగం మాత్రం మారింది.

నేను లేచి బయటికి వచ్చేశాను. వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఎందుకో చెప్పాలంటే మా అన్నయ్య గురించి చెప్పాలి.

మాది పామర్రు. నాన్నకి బట్టల కొట్టు. నాకంటే రెండేళ్ళు పెద్ద మా అన్నయ్య, బాబి అని పిలిచేవాళ్ళం. పెద్దవాళ్ళకి తెలియకుండా మాట్లాడుకోవడానికి వాడొక భాష కల్పించాడు. చాలామంది పిల్లలు ప్రతి అక్షరం ముందూ 'క' పెట్టి మాట్లాడుకుంటారే, అలాంటిది కాదు. వాడి మాటలు వాడివే. నీళ్ళంటే బువిల. అన్నమంటే టింకు. దువ్వెన కెక్కి, తాళంచెవి మొడుసు, చెప్పులు జబురు. మాట చివర 'ఊచి' పెడితే లేదని అర్థం. అన్నం ఇంకా కాలేదంటే 'టింకూచి'. ట్యూషన్ మాస్టారు వచ్చే వేళకి కొట్లో బట్టల తానుల వెనక దూరి, నేను వెతుక్కుంటూ వెళ్తే లోపల్నుంచి గుసగుసగా అనేవాడు, "ఇడిమి దోబు."

అంటే, "నేనిక్కడే ఉన్నా, ఎవరికీ చెప్పకు."

నాకు ఆరేళ్ళప్పుడు వాడు కాలవలో పడిపోయాడు. వానాకాలం. కాలవ నిండుగా పారుతోంది. రేవు మెట్ల మీద చెప్పులు దొరికాయి. ఈతగాళ్ళు దిగారు, కింద లాకుల దాకా వలలు వేసి వెతికారు. వాడు దొరకలేదు.

ఆ తర్వాత ఆ భాష మాట్లాడటానికి నాకెవరూ లేరు. డిపార్ట్‌మెంట్‌లో అంతరించిపోతున్న భాషల గురించి పాఠం చెప్పేటప్పుడు, ఇద్దరే మాట్లాడే భాషలో ఒకరు పోతే రెండో మనిషి ఏమవుతుందని మా మేడమ్ ఒకసారి అడిగారు. క్లాసులో అందరూ ఏదో ఒకటి చెప్పారు. నేను నోరు విప్పలేదు.

జోసెఫ్ వరండాలోకి వచ్చాడు. నేనతనికి అన్నయ్య సంగతీ, ఆ రెండు మాటల సంగతీ చెప్పాను. అతను నవ్వలేదు, అలాగని నమ్మనూ లేదు.

"రెండు చిన్న మాటలు, హారికా. అన్నీ మామూలు తెలుగు శబ్దాలే. ఎక్కడో ఒకచోట కలుస్తాయి. పైగా ఎప్పుడో ఆరేళ్ళప్పటి జ్ఞాపకం నీది. ఇప్పుడు విన్నదాన్ని నువ్వే అప్పటికి అతికించుకుంటున్నావేమో."

అతని మాట సబబుగానే అనిపించింది. అందుకని ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. ఏమీ చెప్పకుండా, ఊరికే అడిగినట్టు అడిగాను. "అమ్మా, అన్నయ్య చెప్పుల్ని ఏదో పేరుతో పిలిచేవాడు, గుర్తుందా?"

ఆ వైపు కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"జబురు," అంది అమ్మ. "నా జబురు ఏదీ అని ఇల్లంతా తిరిగేవాడు. ఇప్పుడెందుకే అది?"

ఏదో ప్రాజెక్టు కోసమని ఫోన్ పెట్టేశాను. నా జ్ఞాపకం తప్పు కాదని మాత్రం తేలింది.

పరీక్ష పెడదామన్నది జోసెఫే. అతను పెట్టిన షరతులన్నీ నన్ను తప్పని తేల్చడానికే. నేను గదిలో ఉండకూడదు. నా మొహం చూసి ఆవిడ గ్రహించే అవకాశం ఉండకూడదు. ఒక ట్రేలో నీళ్ళ గ్లాసు, దువ్వెన, తాళంచెవి, పిల్లల చెప్పుల జత, చెంచా, రబ్బరు బంతి పెట్టాం. నేను అన్నయ్య మాటలు కొన్ని, అప్పటికప్పుడు కల్పించిన దొంగ మాటలు కొన్ని కలిపి చీటీ మీద రాసిచ్చాను. ఏది అసలో, ఏది దొంగో, దేనికి ఏ అర్థమో జోసెఫ్‌కి తెలియదు. అతను చదవాలి, ఆవిడేం చేస్తే అది రికార్డర్‌లో చెప్పాలి. సౌమ్య గారు పక్కన ఉంటారు. దుర్గని అడిగితే, "అమ్మకి కాలక్షేపంగా ఉంటది, చెయ్యండి," అంది.

అంతకు ముందురోజే సౌమ్య గారు ఆ వస్తువులే తెలుగులో అడిగారు. దువ్వెన ఏదమ్మా అంటే ఆవిడ చెంచా పట్టుకుంది. నీళ్ళేవంటే ట్రే అంతా తడిమి ఊరుకుంది. మాట రావడమే కాదు, ఎదుటివాళ్ళ మాట పట్టుకోవడం కూడా బాగా దెబ్బతింది ఆవిడకి.

పరీక్ష జరుగుతుంటే నేను వరండా బెంచీ మీద కూర్చున్నాను. ఎండ దంచేస్తోంది. మూసిన తలుపు వెనక నుంచి జోసెఫ్ గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. ఎవరినో చక్రాల కుర్చీలో తోసుకుంటూ పోతున్నారు. ఎక్కడో మందుల ట్రాలీ చప్పుడు. ఆవిడ ఏదీ గుర్తుపట్టకూడదని కోరుకున్నానో, అన్నీ గుర్తుపట్టాలని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

తలుపు తీసుకుని జోసెఫ్ బయటికి వచ్చాడు. హెడ్‌ఫోన్స్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కెక్కి అంటే?"

"దువ్వెన."

"మొడుసు?"

"తాళంచెవి."

అతను నా పక్కన కూర్చున్నాడు. "జబురు అంటే చెప్పులేగా?" అన్నాడు నేల చూస్తూ. "ఒళ్ళో పెట్టుకుంది. తీసుకోబోతే ఇవ్వలేదు."

అసలు మాటలు వేటికీ ఆవిడ తడబడలేదు. దొంగ మాటలు చదివినప్పుడు మాత్రం ట్రేని అవతలికి నెట్టేసింది. ఆ రికార్డింగు నా దగ్గరుంది, జోసెఫ్ దగ్గరా ఉంది. అందులో సౌమ్య గారు, "ఇదేంటి, తెలుగులో రానిది ఇందులో ఎలా వస్తోంది?" అనడం స్పష్టంగా వినిపిస్తుంది.

మా గైడ్ మేడమ్ మొత్తం విన్నారు. చివరికి, "ఈ మాటలకి ఈ అర్థాలని చెప్పేది నువ్వొక్కదానివే హారికా. పరిశోధకురాలివీ నువ్వే, సాక్షివీ నువ్వే. దీన్ని థీసిస్‌లో పెట్టలేం," అన్నారు. నా తల మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్ళి రెండ్రోజులు ఉండి రామ్మా," అన్నారు. నేను వెళ్ళలేదు.

ఎందుకంటే జోసెఫ్ మర్నాడు ఇంకో మాట అన్నాడు. రాత్రంతా నిద్రపోనట్టున్నాడు.

"ఏ మాటైనా ఒకళ్ళ నోట్లోంచి ఇంకొకళ్ళ చెవిలోకే వెళ్తుంది. వేరే దారి లేదు. ఆవిడ ఈ మాటలు ఎవరి దగ్గరో నేర్చుకుంది. మీ అన్నయ్య దొరకలేదన్నావు కదా?"

అతను చెప్పబోయేది నాకు అర్థమైంది. దెయ్యమంటే నవ్వేదాన్నేమో. ఇది దెయ్యం కాదు. కాలవ పారేది సముద్రం వైపే. ఆవిడదీ ఆ వైపు ఊరే. ఎవరో ఒక పిల్లాణ్ణి నీళ్ళలోంచి తీసి, ఇంట్లో పెట్టుకుని ఉంటే? వాడు ఆ ఇంట్లో తన మాటలు తాను మాట్లాడుకుంటూ ఉండి ఉంటే?

దుర్గని సూటిగా అడిగేశాను. దుర్గ ముందు తెల్లబోయింది. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా ఇంట్లో నేనూ మా చెల్లేనండీ. మగపిల్లోడు లేడనే మా నాన్న మా అమ్మని ఎన్ని మాటలన్నాడో. అట్టా ఎవరన్నా దొరికుంటే ఊరంతా చెప్పుకునేది. మీకు నమ్మకం లేకపోతే మా ఊరొచ్చి అడగండి."

ఆదివారం బస్సెక్కి వెళ్ళాం నేనూ, జోసెఫూ. దుర్గ చెల్లెలు మమ్మల్ని ఇంటింటికీ తిప్పింది. అన్నయ్య ఫొటో చూపించాను. పెద్దవాళ్ళు దాన్ని ఎండకి పెట్టి చూసి, తిరిగి ఇచ్చేశారు. పామర్రు పిల్లాడు ఇక్కడికెట్టా వస్తాడమ్మా అన్నారు. చివర్లో ఒడ్డున ఒకతను అటు తిరిగి వల బాగుచేసుకుంటున్నాడు. వయసు సరిపోతుంది. మెడ వంచిన తీరు అచ్చం మా నాన్నదే. జోసెఫ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమండీ!" అని పిలిచాను.

అతను తిరిగాడు. ఎవరో పరాయి మనిషి. వాళ్ళమ్మ పక్కనే కూర్చుని ఉంది, ఇద్దరిదీ ఒకటే పోలిక.

తిరుగు బస్సెక్కాక ఫొటోని సంచిలో పెట్టేశాను.

ఇక్కడినుంచి రాయడం నాకు కష్టం. నాంచారమ్మ గారికి మెల్లగా మాట రావడం మొదలైంది. మొదట 'దుర్గ' అంది. దుర్గ ఆసుపత్రంతా వినపడేలా ఏడ్చింది. సౌమ్య గారు నన్ను పిలిచి, "ఆ అర్థం లేని మాట వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి ఆపండి. ఆపి అసలు మాట అందించండి. దాన్ని వదిలించుకుంటే తప్ప మిగతావి రావు," అన్నారు.

ఆ పని నాకు అప్పజెప్పారు. ఆవిడ నోరు తెరిచి "ఇడి..." అనగానే నేను చెయ్యెత్తేదాన్ని. "అన్నం," అనేదాన్ని. "చెప్పండి, అన్నం." ఆవిడ కష్టపడి "అన్... అన్నం" అనేది. దుర్గ మొహం వెలిగిపోయేది. బస్సులో హాస్టల్‌కి తిరిగి వచ్చేటప్పుడు నాకు ఒకటే ఆలోచన. ప్రపంచంలో ఆ మాటలు తెలిసిన రెండో మనిషిని నా చేత్తోనే నోరు మూయిస్తున్నాను. మానేస్తానని చెబుదామనుకున్న రోజులున్నాయి. ఆవిడ మనవరాళ్ళ పేర్లు పలకడానికి తంటాలు పడుతుంటే చూసి, చెప్పలేకపోయాను.

ఒకరోజు మేం వార్డులో ఆవిడ మంచం దగ్గరే ఉన్నాం, దుర్గ మందులకి వెళ్ళింది. సౌమ్య గారు ఫోన్లో ఉన్నారు. జోసెఫ్ రికార్డర్ సరిచేసుకుంటున్నాడు. నేను ఆవిడ మంచం పక్కకి జరిగి, మొదటిసారి ఆ భాషలో నోరు విప్పాను. 'ఎక్కడ' అనే మాట మాకు ఉండేది కాదు. అందుకని అడుగుతున్నట్టు గొంతు పెంచి, "ఇడిమి?" అన్నాను. ఇక్కడేనా, అని.

ఆవిడ నా వైపు చూసింది. అంతవరకూ ఆవిడ చూపు ఎప్పుడూ కొంచెం చెదిరినట్టు ఉండేది. అప్పుడు లేదు. నెమ్మదిగా, ఒక్కో అక్షరం అంటూ చెప్పింది.

"బువిలూచి."

మళ్ళీ ఇంకోసారి, నాకు వినపడలేదేమో అన్నట్టు, "బువిలూచి."

నీళ్ళు లేవు.

'ఊచి' నేను చీటీలో రాయలేదు. జోసెఫ్‌కి దాని గురించి అప్పటికి చెప్పనే లేదు. నేను మంచం అంచు మీద కూర్చున్నాను. వాన పడితే చాలు, వాడింకా ఆ నీళ్ళలోనే ఉన్నాడని మా అమ్మ కిటికీలన్నీ మూసేసుకుని కూర్చునేది. అదొక్కటే గుర్తొచ్చింది నాకు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మంచం పక్కన ఉన్న గ్లాసు ఖాళీగా ఉంది. జోసెఫ్ అది చూపించాడు. నింపి ఇస్తే ఆవిడ గడగడా తాగింది. దాహం వేసి అడిగిందనుకోవచ్చు. నేను కాదనలేను. కానీ దాహమే అయితే, ఆ మాటే ఎందుకు?

అన్నయ్య మాటల్లో ఆవిడ నోట నేను విన్నది అదే ఆఖరు. తర్వాత తెలుగు తోసుకుంటూ వచ్చేసింది. ఆవిడ ఇంటికి వెళ్ళే ముందు జోసెఫ్ పాత చీటీ తెచ్చి మళ్ళీ చదివాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి పకపకా నవ్వింది.

"ఏంటి బాబూ అది? అరవమా?"

మీరే ఇన్నాళ్ళూ ఇలా మాట్లాడారండీ అని రికార్డింగు వినిపించాం. తన గొంతు తాను విని ఆవిడ నవ్వు ఆగిపోయింది. "నాకేం తెల్దమ్మా. నేనన్నీ సరిగ్గానే అంటన్నాననుకున్నా," అంది. రికార్డర్ వైపు మళ్ళీ చూడలేదు.

అమ్మకి అప్పుడు చెప్పాను, ఏదీ దాచకుండా. తిడుతుందనుకున్నాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుని, "ఒకసారి ఆవిణ్ణి చూడాలి," అంది. డిశ్చార్జి రోజు పామర్రు నుంచి బస్సులో వచ్చింది. దారిలో కొన్న బత్తాయిలు ఇచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏం అడుగుతుందోనని నేను, జోసెఫ్ తలుపు దగ్గరే నిలబడ్డాం. అమ్మ ఏమీ అడగలేదు. నాంచారమ్మ గారే, ఆసుపత్రిలో ఆడవాళ్ళు అడిగినట్టు, తడుముకుంటూ మాట కలిపింది.

"ఏ ఊరమ్మా మీది?"

"పామర్రండీ."

"పిల్లలు... ఎంతమందమ్మా?"

అన్నయ్య పోయినప్పటినుంచి ఈ ప్రశ్న ఎవరడిగినా అమ్మ ఒకటే చెప్పేది, ఒక్కతే కూతురని. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, కొట్టుకి వచ్చిన కొత్తవాళ్ళతో, ఎక్కడైనా అంతే. ఇంకో ప్రశ్న రాకుండా అలా చెప్పేదని నాకు తెలుసు.

"ఇద్దరండీ," అంది అమ్మ. "పెద్దోడు బాబి. ఇది రెండోది."

నాంచారమ్మ గారు తల ఊపి, ఎడమ చేత్తో ఒక బత్తాయి తీసి అమ్మ చేతిలోనే పెట్టింది.

ఆవిడ ఇప్పుడు బాగానే ఉంది. దుర్గ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నేను ఇప్పుడు ఇంకో ఊళ్ళో పాఠాలు చెబుతున్నాను. మనిషి మెదడులో మాట ఎలా పుడుతుందో పిల్లలకి బొమ్మలు గీసి వివరిస్తాను. ఒక పిల్లాడు కల్పించిన మాటలు, వాణ్ణి ఎప్పుడూ చూడని మనిషి నోట్లోకి ఏ దారిన వచ్చాయో మాత్రం నాకు తెలియదు. జోసెఫ్ ఆ రికార్డింగుని ఇప్పటికీ ఏడాదికోసారి తీసి వింటానంటాడు. ఎక్కడైనా మనం పొరబడ్డామేమోనని. ఇంతవరకూ అతనికీ ఏమీ దొరకలేదు.